ప్రస్థానంలో పెట్టిన కుక్క

నరసింహంగారితో కాపరం చెయ్యడం కుక్కవల్ల కూడా కాదు. ఇది గిట్టనివాళ్ళన్న మాట కాదు. ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా ఉంటున్న కుక్క సొంత అభిప్రాయం.

పంచాంగం చూడందే ఆ పెద్దమనిషికి పక్కవీధికైనా కాలు కదలదు. వర్జ్యం నడుస్తోందంటే ఇంటిల్లిపాదీ గడప లోపలే ఉండాలి. మనుషులంటే ఎలాగో ఓర్చుకుంటారు. పొద్దున్నే కరెంటు స్తంభం దాకా వెళ్ళి రావలసిన అవసరమున్న కుక్క సంగతి పంచాంగం రాసిన ఏ మహానుభావుడూ ఆలోచించినట్టు లేదు. ఆయన బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొచ్చిందనుకోండి, వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, చెంబుడు మంచినీళ్ళు తాగి, అరుగుమీద కూర్చుని, "దీనికి వేసే అన్నం దండగ. ఒక్క పిల్లిని ఆపలేదు" అనేవారు. ఆ పిల్లి ఎదురింటివాళ్ళది. తరిమితే వాళ్ళు ఊరుకోరు, తరమకపోతే ఈయన ఊరుకోరు. ఈ న్యాయం ఎవరికి చెప్పుకోవాలో తెలియక కుక్క అరుగు కిందకు దూరి పడుకునేది.

దాని పేరు బుడంకాయ. పిల్లగా ఉన్నప్పుడు ఒంటినిండా చారలతో, గుండ్రంగా, చేలగట్టు మీద కాసిన బుడంకాయలా ఉండేదని నరసింహంగారి మనవరాలు కుమారి పెట్టింది ఆ పేరు. తరవాత అది సాగి సాగి బడిబెంచీ అంత పొడుగయింది. పేరు మాత్రం గుండ్రంగానే ఉండిపోయింది. కుమారికి తొమ్మిదేళ్ళు. పెరుగన్నంలో ఆఖరి ముద్ద, జీడిముక్కలో సగం, ఎవరికీ చెప్పకూడని కబుర్లన్నీ బుడంకాయవే. అందుకని బుడంకాయ లెక్కలో ఇల్లంటే కుమారి. మిగతావన్నీ ఆ పిల్ల చుట్టూ కట్టిన గోడలు.

ఆ గోడలున్నది రేపల్లెలో. అరవై ఏడో సంవత్సరం కార్తీకమాసంలో కుమారి నాన్న పూర్ణచంద్రరావుకు బాపట్ల బదిలీ అయింది. గురువారం అక్కడ ఉద్యోగంలో చేరాలి. అంటే బుధవారం రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి, అక్కడ బాపట్ల వెళ్ళే బండి పట్టుకోవాలి. నరసింహంగారు కళ్ళజోడు పెట్టుకుని పంచాంగం తీశారు. మొహం చిట్లించారు.

"బుధవారం ఉత్తరానికి శూలరా. అటు ప్రయాణం పనికిరాదు" అన్నారు.

"బాపట్ల ఉత్తరాన లేదు కదా నాన్నా. మనకది పడమర."

"రైలు ముందు తెనాలి వైపుకి పోతుందా, లేదా?"

"పోతుంది."

"తెనాలి ఉత్తరమా, కాదా?"

"ఉత్తరమే అనుకోండి."

"మరింకేంటి?"

వంటింట్లోంచి కోడలు విశాలాక్షి, "పోనీ బుధవారం ఒక్కరోజుకీ రైలుని వేరే దారిలో తీసుకెళ్ళమని స్టేషన్‌మాస్టరుగారికి చెప్పి చూడండి" అంది. వినపడాల్సినంతే వినపడేట్టు అనడం ఆవిడకు అలవాటు.

శూలకు విరుగుడు ప్రస్థానం. మంచిరోజు చూసి, ప్రయాణం చేసేవాళ్ళ బట్ట ఒక్కొక్కటి మూటగట్టి, వెళ్ళే దిక్కున ఉన్న మరొకరి ఇంట్లో పెట్టి వస్తారు. దాంతో వాళ్ళు బయల్దేరిపోయినట్టే. తరవాత రెండు మూడు రోజుల్లో తీరిగ్గా గడప దాటి, ఆ మూట తీసుకుని, సాగిపోవచ్చు. మనిషి ఇంట్లోనే కూర్చుని పప్పుకు తాలింపు పెట్టుకుంటున్నా, శాస్త్రం దృష్టిలో దారిలో ఉన్నట్టే.

సోమవారం పొద్దున ఏడూ ఇరవైకి ముహూర్తం కుదిరింది. నరసింహంగారు తన ఉత్తరీయం, కొడుకు చొక్కా, కోడలి రవిక, మనవరాలి గౌను ఒక తువ్వాలులో పెట్టి ముడి వెయ్యబోతూ ఆగిపోయారు. ఆయన చూపు అరుగు కిందకు పోయింది.

"ఇదీ వస్తోంది కదూ మనతో?"

"వస్తుంది తాతయ్యా" అంది కుమారి.

"మరి దీని బట్టేది?"

కుమారి తన పాత రిబ్బను తెచ్చి ఇచ్చింది.

"అది నీదవుతుందిగానీ దానిదెలా అవుతుందమ్మా. పైగా తల్లీబిడ్డల్లా మీ ఇద్దరికీ ఒకే ప్రస్థానమంటే శాస్త్రం ఒప్పుకోదు" అని ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, తీర్పు చెప్పారు. "బట్ట లేనప్పుడు మనిషినే పెట్టాలి."

అలా బుడంకాయ మూటతోపాటు ప్రస్థానంలో చేరింది. వీధికి ఉత్తరపు చివర రంగమ్మగారి ఇల్లు. వాళ్ళ గొడ్లపాకలో మూటను గూట్లో పెట్టి, కుక్కను కొబ్బరితాడుతో గుంజకు కట్టేశారు.

"ఇదేంటి బాబాయిగారూ, కుక్కని కూడానా?" అంది రంగమ్మ.

"కూడానే. జాగ్రత్తమ్మా" అన్నారాయన, ముహూర్తం మించిపోతోందన్న తొందరలో.

కుక్కను ప్రస్థానం పెట్టడం రంగమ్మ పుట్టి బుద్ధెరిగాక విని ఉండలేదు. అందుకని ఆవిడ తన బుద్ధికి తోచిన అర్థం చేసుకుంది. ఊరు వదిలి పోతున్నారు, కుక్కను ఎక్కడ లాక్కెళతారు, పాపం తనకిచ్చి పోతున్నారు అని. మంచి మనిషి. మధ్యాహ్నం గంజిలో పిడికెడు అన్నం ఎక్కువే వేసింది.

సోమవారం, మంగళవారం బడి వదలగానే, సాయంత్రం నాలుగున్నరకు, కుమారి వచ్చి పాకలో కూర్చుంది. "రైల్లో కిటికీ పక్కన నువ్వే కూర్చుందువుగాని" అని చెప్పింది. బుడంకాయకు కిటికీ అంటే తెలుసు. రైలంటే కూత వరకూ తెలుసు. సరేనన్నట్టు తోక ఊపింది.

బుధవారం పొద్దున రంగమ్మ గూట్లోంచి మూట తీసి చంకన పెట్టుకుంది. హడావిడిలో వాళ్ళు మళ్ళీ ఇక్కడిదాకా రావడమెందుకు, స్టేషనుకు ఎలాగూ సాగనంపడానికి వెళుతున్నాను కదా అనుకుంది. బుడంకాయ లేచి నిలబడింది.

"నువ్వెక్కడికే. కూచో" అని వెళ్ళిపోయింది.

స్టేషన్లో సామాన్లు, కూజాలు, పరుపుచుట్టలు. నరసింహంగారు రంగమ్మ చేతిలో మూట చూసి, ప్రస్థానం వచ్చేసిందని మనసులో టిక్కు పెట్టేసుకున్నారు. పూర్ణచంద్రరావు, కుక్క సంగతి నాన్న చూసుకున్నాడనుకున్నాడు. కుమారి అడిగితే, "గార్డుపెట్టెలో ఎక్కించి ఉంటారమ్మా" అన్నారు ఇద్దరూ, ఒకళ్ళనొకళ్ళు ఉద్దేశించి. బండి కదిలింది. పల్లికోనలో ఆగినప్పుడు విశాలాక్షి పోరగా పోరగా పూర్ణచంద్రరావు దిగి గార్డుపెట్టె దాకా వెళ్ళి చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"లేదు నాన్నా."

"దిగుదాం తాతయ్యా" అంది కుమారి. "ఇక్కణ్ణించి నాలుగు మైళ్ళే. నేను నడుస్తాను."

"బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరక్కూడదమ్మా. ప్రస్థానం కదిలింది."

"బుడంకాయ కూడా ప్రస్థానమేగా. అది కదల్లేదుగా?"

నలభయ్యేళ్ళుగా పంచాంగం నమిలి మింగిన మనిషికి ఇలాంటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"మూట తెచ్చినావిడ కుక్కని తేలేదంటే, మనం వదిలేశామనుకుని ఉంటుంది మామయ్యగారూ" అంది విశాలాక్షి. "మీరూ నేనూ దిగి వెనక్కి పోదాం. వీళ్ళిద్దరూ తెనాలిలో ఆగుతారు."

"కుక్క ఎక్కడికి పోతుందమ్మా? ఎవరితోనన్నా పంపించమని రంగమ్మకి కార్డు రాస్తాను. కూర్చో."

పల్లికోనలో బండి ఆగేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ అయిపోయాయి.

బుడంకాయకు ఇవేవీ తెలియవు. అది పాకలో కూర్చుని కుమారి కోసం చూసింది. సాయంత్రం నాలుగున్నర దాటింది. మర్నాడు కూడా దాటింది. ఈ గంజి, ఈ పాక, ఈ గేదె ఎవరివో పరాయివాళ్ళవి. మూడోరోజు అది తాడును కొరకడం మొదలుపెట్టింది. కొబ్బరితాడు చిగుళ్ళలో గుచ్చుకుని నెత్తురొచ్చింది. మధ్యాహ్నానికి తెగింది.

ఇంటికి పరుగెత్తింది. ఇల్లు తలుపు తీసే ఉంది. లోపల్నుంచి ఎవరో ఆడమనిషి చీపురు పట్టుకుని వచ్చి, "ఛీ, ఛీ" అంది. గోడలకు కొత్తగా సున్నం కొట్టారు. కుమారి పలకబలపంతో గీసిన బొమ్మలు లేవు, వాసన లేదు. ఆ ఇంట్లో కుమారి ఎప్పుడూ ఉండనట్టే ఉంది. గుమ్మం పక్కన రెండు రోజులు పడుకుని, నాలుగుసార్లు నీళ్ళు పోయించుకుని, బుడంకాయ లేచి వాసన వెతుక్కుంటూ స్టేషనుకు వెళ్ళింది. ప్లాట్‌ఫారం అంచున, సామాన్లు దించిన చోట కొంచెం మిగిలి ఉంది. విశాలాక్షి పచ్చళ్ళ జాడీ, నరసింహంగారి పొడుంకాయ, కుమారి తలనూనె. అక్కడితో ఆఖరు. ముందు రెండు ఇనప పట్టాలు.

అది పట్టాల వెంట నడిచింది.

రేపల్లె నుంచి తెనాలి ఇరవై మైళ్ళ పైచిలుకు. మనుషులకు ఊళ్ళ మధ్య పొలాలుంటాయి. కుక్కలకు ఊరూరా ఒక సరిహద్దు ఉంటుంది, ప్రతి సరిహద్దుకూ కాపలా ఉంటుంది. పల్లికోన కుక్కలు అరిచి వదిలేశాయి. భట్టిప్రోలువి మైలు దూరం తరిమాయి. వేమూరు దగ్గర ఐదు కలిసి పట్టుకున్నాయి. అక్కడ బుడంకాయ ఎడమచెవి సగం పోయింది. కాలవమీద వంతెన దగ్గర పట్టాల కింద నీళ్ళు కనపడ్డాయి. వెనక్కి తిరిగింది. మళ్ళీ వచ్చింది. దూలం మీంచి దూలం మీదకు, ఒక్కొక్క కాలూ పెట్టి చూసుకుంటూ దాటింది. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే మెచ్చుకునేవాళ్ళనుకుంటాను.

తెనాలి చేరేసరికి రెండు రోజులు పట్టింది. అక్కడ బుడంకాయ ధైర్యం సగం చచ్చిపోయింది. ఇక్కడ పట్టాలు రెండు కాదు, లెక్కలేనన్ని. బళ్ళు ఇటూ పోతున్నాయి, అటూ పోతున్నాయి. ఒక సిమెంటు బెంచీ కింద, ఎంతోమంది కాళ్ళ కింద నలిగి, పచ్చళ్ళ జాడీ వాసన ఒక్క పిసరు తగిలింది. కుమారి అక్కడ కూర్చుంది. తరవాత ఏమైందో బెంచీకి తెలియదు.

ఇక బుడంకాయకు చేతనైన పని ఒక్కటే. బండి వచ్చినప్పుడల్లా లేచి, మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, దిగేవాళ్ళను వాసన చూడటం. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే చలపతి ఇది వారం రోజులు చూసి దానికి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టాడు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఈ బండిలో టికెట్ లేనివాళ్ళెంతమంది తేలారు?" అనేవాడు మాడిన బన్ను ముక్క విసిరి. బన్ను తినేది. ప్రశ్నకు జవాబుండేది కాదు.

ఈలోగా బాపట్లలో ఏం జరిగిందో కుక్కకు తెలిసే దారి లేదు కాబట్టి మనమే చెప్పుకోవాలి. రంగమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆ ఇంట్లో ఎవరికొచ్చిన ఉత్తరమైనా నరసింహంగారే పైకి చదవాలి. ఆయన కార్డును ఒకసారి లోపల చదువుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"బుడంకాయ కులాసా. పూటకో గిన్నెడు పెరుగన్నం తింటోంది. ఇక్కడ పాకలో దానికి బాగా అలవాటైంది" అని చదివారు.

"ఎవరితో పంపిస్తుందట?" అంది కుమారి.

"అటునుంచి వచ్చేవాళ్ళెవరూ తగల్లేదట. తగిలినప్పుడు పంపిస్తుందట" అని, కార్డును ఉత్తరాల తీగకు గుచ్చేశారు. ఆ తీగ దూలానికి వేలాడుతుంటుంది, పిల్లల చెయ్యి అందదు. నెలకోసారి కుమారి పోరు పెడితే ఆయన ఆ కార్డు కూడా లేకుండానే చదివేవారు. బుడంకాయ లావెక్కిందట. గేదెతో స్నేహం చేసిందట. ఒక్క అబద్ధం నిలబెట్టడానికి పెద్దమనిషి ఎంత శ్రమపడ్డారో చూస్తే జాలేస్తుంది. అప్పుడే రంగమ్మకు మరో కార్డు రాసి, ఊళ్ళో వెతికించి ఉంటే ఇందులో పదోవంతు శ్రమ కూడా ఉండేది కాదు.

పుష్యమాసంలో ఒకరోజు తెనాలి స్టేషన్లో ఒక పిల్ల బండెక్కింది. కుమారిలాగే కుంకుడురసంతో తలంటుకున్న జుట్టు, అదే ఎత్తు. మొహం కనపడలేదు. బుడంకాయ ఆ వాసన వెంట పెట్టెలోకి దూకి, బల్లకింద దూరింది. బండి కదిలాక ఆ పిల్ల కాళ్ళ దగ్గరకు చేరి తల ఎత్తింది. పరాయి మొహం. పిల్ల జడిసి ఏడ్చింది. పెట్టెలో గోల అయింది. పొన్నూరుకు దిగే నిడుబ్రోలు స్టేషన్లో ఎవరో కాలితో ఒక్కటి తన్ని కిందకు తోశారు.

బండి దక్షిణంగా వెళ్ళిపోయింది. ఆ పట్టాలమీద అటువైపే ఇంకో పదమూడు మైళ్ళు నడిస్తే బాపట్ల. ఆ వేళకు కుమారి బడి వదిలి, స్టేషనుకు రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి నడిచి వెళుతూ ఉండాలి. బుడంకాయ ఆ వైపు చూసింది. గాలి అటునుంచే వీస్తోంది, అందులో ఉప్పు వాసన తప్ప దానికి తెలిసింది ఏదీ లేదు. తెలిసిన వాసన ఉన్న చోటు ఒక్కటే, తెనాలిలో ఆ సిమెంటు బెంచీ కింద. అది వెనక్కి తిరిగింది.

అలా ఎంత నడిస్తే అంత దూరమయింది. ఆ సంగతి దానికి తెలియకపోవడమే నయం. చుండూరు దాటాక ధాన్యం బస్తాల ఎడ్లబండి ఒకటి రైలుగేటు దగ్గర అడ్డదిడ్డంగా తిరిగి, చక్రం వెనకకాలి మీద నుంచి పోయింది. మిగతా దూరం మూడు కాళ్ళతో నడిచింది. నాలుగో రోజు తెనాలి చేరితే, చలపతి చూసి, గ్లాసు కడగడం ఆపేసి, "ఏం ఇన్‌స్పెక్టరూ, నిన్నెవరు సస్పెండు చేశారయ్యా?" అన్నాడు. అని, ఆ రోజు మాడని బన్ను పెట్టాడు.

కాలు అతుక్కోలేదు. ఫాల్గుణం వచ్చేసరికి బుడంకాయ బళ్ళ దగ్గరకు పోవడం తగ్గించింది. ముందు పట్నం బళ్ళు మానింది. తరవాత రేపల్లె బండి కూడా మానింది. కూత వినపడితే తల ఎత్తేది, అంతే. ప్లాట్‌ఫారానికి ఆ చివర, సామాన్ల కొట్టం అవతల, ఎప్పుడూ కారే కుళాయి ఒకటుంది. దాని పక్కన తడి సిమెంటు చల్లగా ఉంటుంది. అక్కడ పడుకుంది. చలపతి గ్లాసులు కడగడానికి వచ్చినప్పుడు ఏదో ఒకటి పెట్టేవాడు. ఒక్కోసారి తినేది, ఒక్కోసారి వాసన చూసి వదిలేసేది.

ఉగాదికి బూజులు దులుపుతూ విశాలాక్షి ఉత్తరాల తీగను దూలంమీంచి దించి అరుగుమీద పెట్టింది. కుమారి రంగమ్మ కార్డు వెతికి తీసి చదువుకుంది. "కుక్క మూడోరోజే తాడు కొరుక్కుని పోయింది. మీ పాత గుమ్మం దగ్గర రెండు రోజులు కనపడింది. మళ్ళీ జాడ లేదు. మీ దగ్గరకేమన్నా చేరిందా, రాయగలరు." పిల్ల ఏడవలేదు. కార్డు తీసుకెళ్ళి తాతగారి పంచాంగం మీద పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. విశాలాక్షి మామగారిని ఒక్కమాట కూడా అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ ఎరగరు. మూడోరోజు పొద్దున నరసింహంగారు కండువా వేసుకుని, "పద కుమారీ. రేపల్లె పోయి వెతుకుదాం" అన్నారు.

రేపల్లెలో ఏముంది వెతకడానికి. రంగమ్మ నోరు నొక్కుకుంది. "నాకిచ్చారనుకున్నా బాబాయిగారూ. మీతో వస్తుందని తెలిస్తే స్టేషనుకి తోలుకురానా?" అంది. పట్టాల వెంట తెనాలి వైపు ఒక చారల కుక్క పోవడం చూశామని కార్తీకమాసంలోనే ఎవరో అన్నారట. కార్తీకం ఎక్కడ, ఫాల్గుణం ఎక్కడ. తిరుగు రైల్లో కుమారి ప్రతి స్టేషన్లోనూ కిటికీలోంచి చూసింది. తెనాలిలో దిగాక ప్లాట్‌ఫారమంతా ఒకసారి నడిచింది, సామాన్ల కొట్టం దాకా. వచ్చి బెంచీమీద కూర్చుని కాళ్ళవైపు చూసుకుంటూ ఉండిపోయింది. బాపట్ల బండికి ఇంకా అరగంట ఉంది. నరసింహంగారు కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి వెతుక్కుంటూ కొట్టం అవతలికి వెళ్ళారు.

బుడంకాయ ముందుకు రెండు పాదాలు వచ్చి ఆగాయి. ఎండవల్ల అది కళ్ళు తెరవలేదు. తరవాత ముక్కు కదిలింది. పొడుం. పచ్చళ్ళ జాడీ. పంచెకు, రైల్లో రాసుకుని, కుమారి తలనూనె.

లేవబోయింది. ముందుకాళ్ళు లేచాయి, వెనకవి లేవలేదు. తోక తడి సిమెంటు మీద ఒక్కసారి కొట్టుకుంది.

నరసింహంగారు వంగి చూశారు. సగం చెవి. ఎముకలమీద అతుక్కున్న చారలు. ఈగలు ముసిరిన కాలు. ఆయన కొట్టం మూల నుంచి తొంగి, దూరంగా బెంచీమీద ఉన్న పిల్లను చూశారు.

చలపతి గ్లాసుల బుట్టతో వచ్చాడు. "మీదాండి?" అన్నాడు.

ఆయన ఇంకా బెంచీవైపే చూస్తున్నారు.

"మా ఇన్‌స్పెక్టరండి ఇది. కార్తీకం నుంచీ ఇక్కడే. రేపల్లె బండొస్తే చాలు, ఒక్కో పెట్టె దగ్గరా నిలబడి చూసేదండి. ఎవరికోసమో. ఇప్పుడిక లేవట్లేదు. ఇవాళో రేపో అన్నట్టుంది." గ్లాసులు కుళాయి కింద పెట్టి మళ్ళీ అడిగాడు. "మీదేనాండి?"

"కాదు" అన్నారు నరసింహంగారు.

అని, కాళ్ళు కడుక్కోకుండానే వెనక్కి తిరిగి నడిచారు. పిల్ల ఇప్పుడిప్పుడే స్తిమితపడింది. ఇంకో పావుగంటలో బండి వస్తుంది. కుక్క కనపడలేదన్నది పెద్ద అబద్ధం కూడా కాదు, ఇదివరకటి వాటితో పోలిస్తే. బుడంకాయ ఆ పాదాలు పోవడం చూసింది. ఎన్నో పాదాలు పోవడం చూసిన కుక్క అది. తల కిందకు దించి, సిమెంటు మీద గడ్డం ఆనించింది.

కొట్టం మూల దగ్గర ఆ పాదాలు ఆగాయి. చాలాసేపు ఆగాయి. తరవాత కనపడకుండా పోయాయి.

మళ్ళీ వచ్చినప్పుడు నాలుగున్నాయి.

కుమారి తడిలోనే కూర్చుంది. బుడంకాయ తలను రెండు చేతుల్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. దానికి చెప్పాల్సిన కబుర్లు నాలుగు నెలలవి పేరుకుని ఉన్నాయి. బుడంకాయ ఆ పిల్ల మణికట్టు నాకింది. నాలుక ఎండిపోయి గరుగ్గా ఉంది. ఇల్లు చేరింది కాబట్టి ఇప్పుడు లేచి గంతులెయ్యాలని దానికి తెలుసు. ఒంట్లో అంత శక్తి లేదు.

"తాతయ్యా, దీని కాలికేమైంది?" అంది కుమారి. "బతుకుతుందా?"

చలపతి అటు తిరిగి గ్లాసులు కడుగుతున్నాడు. నరసింహంగారు కండువా తీసి, కుళాయి కింద తడిపి, పిండి, కుక్క పక్కన మోకాళ్ళమీద కూలబడ్డారు. కాలిమీద ఈగలను తోలారు. తడిగుడ్డ ఆనగానే బుడంకాయ సన్నగా మూలిగింది.

"తెలీదమ్మా" అన్నారు. తరవాత తల తిప్పి, "ఏవయ్యా, ఇందాక కాదన్నాను. మాదే. దీని పేరు బుడంకాయ" అన్నారు చలపతితో.

చలపతి తల ఊపాడు. బాపట్ల బండి కూత దూరంగా వినపడింది. ఎవరూ లేవలేదు. నరసింహంగారు గుడ్డ పట్టుకున్న చెయ్యి కుక్క కాలిమీదే ఉంచి, మనవరాలి మొహంలోకి చూసే ధైర్యం చేశారు.

"పల్లికోనలో నువ్వు దిగుదామన్నావు. దిగాల్సింది. నేను దిగనివ్వలేదు. ఆ తరవాత ఉత్తరంలో లేనివన్నీ ఉన్నట్టు చదివాను. తప్పు నాదేనమ్మా" అన్నారు.